‘బువ్వ తింటవా?’ అంటే ఆకలేస్తోందని

ఆటిజాన్ని కొలిచే ప్రశ్నావళి సికింద్రాబాద్‌లో పుట్టింది. అందులో మాటకు తొమ్మిది అంశాలున్నాయి. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ నడిచే షోలాపూర్ నేతపేటల్లో వాటిని ఏ చెవితో వినాలి?

మన దేశంలో ఆటిజం ధ్రువపత్రానికి వాడే కొలమానం ‘ఇండియన్ స్కేల్ ఫర్ అసెస్‌మెంట్ ఆఫ్ ఆటిజం’. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ దీన్ని రూపొందించింది. మొత్తం 40 అంశాలు, ఆరు విభాగాలు. మూడో విభాగం మాటది. 15 నుంచి 23 దాకా సాగుతుంది. వచ్చిన మాట పోవడం, సైగలతో చెప్పలేకపోవడం, అన్నదే అనడం, విన్నది విన్నట్టు అప్పజెప్పడం, వింత కూతలు, సంభాషణ నడపలేకపోవడం, అర్థంలేని పలుకులు, ‘నేను’ ‘నువ్వు’ తారుమారు కావడం, మాటలోని ఆంతర్యం అందకపోవడం. ప్రతి అంశానికీ 1 నుంచి 5 మార్కులు. లక్షణం ఎంత తరచుగా కనిపిస్తే అన్ని మార్కులు. ఎందుకు కనిపిస్తోందన్నది మార్కుల్లోకి రాదు. చిక్కంతా అక్కడే.

షోలాపూర్ సాఖర్‌పేటలో బీడీలు చుట్టుకుంటున్న తల్లి రోజూ ‘బువ్వ తింటవా?’ అని అడుగుతుందనుకుందాం. ఆటిజం ఉన్న నాలుగేళ్ల కొడుకు ఆకలైనప్పుడు ఆమె కొంగు లాగి, అదే రాగంతో ‘బువ్వ తింటవా?’ అంటాడు. 18వ అంశం ప్రకారం అది అప్పజెప్పడం, 22వ అంశం ప్రకారం తారుమారు. తల్లికి మాత్రం అది అడగడమే. వెంటనే కంచం పెడుతుంది. పైగా ఆ వాక్యంలో ‘నువ్వు’ అనే మాటే లేదు. తెలుగులో ఎవరన్నది క్రియ చివరే తెలిసిపోతుంది: ‘తింట’ అంటే నేను, ‘తింటవ్’ అంటే నువ్వు. తెలుగు రాని పరీక్షకుడికి ఆ తారుమారూ వినపడదు, దాని వెనకున్న ఆకలీ వినపడదు.

అప్పజెప్పే మాట వట్టి చిలకపలుకు కాదని 1981లోనే తేలింది. అమెరికాలో బారీ ప్రిజాంట్, జుడిత్ డూకన్ నలుగురు పిల్లలు విన్న వెంటనే అప్పజెప్పిన 1,009 పలుకులను పరిశీలించి, వాటికి ఏడు రకాల ప్రయోజనాలున్నాయని చూపారు. కావలసింది అడగడం, అవుననడం, తన వంతు మాట్లాడటం అందులోవే.

ఆటిజం ఉన్న పిల్లల భాషపై ఎక్కువ కాలం పనిచేసినవారిలో బోస్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన హెలెన్ టేగర్-ఫ్లస్‌బర్గ్ ఒకరు. ఆటిజం ఉన్న ఆరుగురు, డౌన్ సిండ్రోమ్ ఉన్న ఆరుగురు పిల్లల మాటను ఆమె బృందం ఏడాదికి పైగా గమనించి 1990లో ఫలితాలు ప్రకటించింది. రెండు జట్లలోనూ వ్యాకరణం ఇంచుమించు ఒకే వరుసలో వచ్చింది. 2001లో మార్గరెట్ కెల్‌గార్డ్‌తో కలిసి ఆటిజం ఉన్న 89 మంది పిల్లలను పరీక్షించినప్పుడు కొందరి భాష వయసుకు తగ్గట్టే ఉంది, కొందరిది బాగా వెనకబడింది. 2004 నాటి మెదడు చిత్రాల అధ్యయనంలోనూ ఆమె భాగస్వామి. భాషాలోపం లేని బాలురలో, ఆటిజం ఉన్నా లేకున్నా, ముందుభాగపు భాషాప్రాంతం ఎడమవైపు పెద్దది. భాషాలోపం ఉన్నవారిలో, వారికి ఆటిజం ఉన్నా లేకున్నా, కుడివైపు పెద్దది. అంటే ఆ తేడా భాషాలోపం వెంట నడిచింది గానీ ఆటిజం వెంట కాదు.

ఇక నేతపేటల్లో తెలుగు సంగతి: షోలాపూర్‌లో తొలి బట్టల మిల్లు 1877 నాటిది. తెలంగాణ పద్మశాలీలు అక్కడికి వలసపోయి చాదర్లు, టవళ్లు నేస్తూ తెలుగును నిలుపుకున్నారు.

రెండు భాషలు వింటే పిల్లవాడు తికమకపడతాడన్న భయం చాలా ఇళ్లలో ఉంది. కెనడాలో హాంబ్లీ, ఫొంబోన్ 2012లో ఆటిజం ఉన్న 75 మంది పిల్లలను పోల్చారు. వారిలో 45 మంది రెండు భాషల మధ్య పెరుగుతున్నవారు. ఆ కారణంగా వారి మాట అదనంగా ఆలస్యమైన దాఖలా కనిపించలేదు. కాబట్టి తల్లి తెలుగు మానుకోనక్కర్లేదు. పరీక్షలో మాత్రం ఆమె పక్కనుండాలి. పిల్లవాడు ఏ మాట ఎప్పుడు, ఎందుకు అంటాడో ఆమె చెప్పాలి.

మార్కుల లెక్క

• ఏ లక్షణమూ లేకున్నా వచ్చేవి: 40
• ఆటిజం లేనట్టు: 70 లోపు
• స్వల్పం: 70–106
• మధ్యస్థం: 107–153
• తీవ్రం: 153 పైన
• గరిష్ఠం: 200, ఇందులో మాటకు 45