ఈ-మెయిలు చేరుటకు ముందు జరుగు మార్పులు: రైతులు తీసికొనవలసిన జాగ్రత్తలు

పైరునకు తెగులు సోకినప్పుడు, ఆకుల ఫొటోలను కృషి విజ్ఞాన కేంద్రమునకు ఈ-మెయిలు ద్వారా పంపి సలహా కోరు రైతులు కలరు. సలహా రెండు రోజులు ఆలస్యమైనచో అగ్గితెగులు మడినుండి మడికి ప్రాకును. పంపిన ఉత్తరము చేరకపోవుట, వచ్చిన సమాధానము కంటబడకపోవుట తరచు జరుగుచుండును. ఉత్తరము దారిలో ఏమగునో తెలిసికొన్నచో ఈ నష్టమును చాలవరకు తప్పించుకొనవచ్చును.

రూపము మారుట

కల్లములోని ధాన్యము నేరుగా గాదెకు చేరదు. తూర్పారబట్టి, బస్తాల కెత్తవలెను. ఈ-మెయిలును అట్లే. 1982లో ఏర్పడిన ఈ-మెయిలు రవాణా నియమములు 128 గుర్తులు గల ఇంగ్లీషు లిపి కొరకు ఏర్పరచినవి. ఇతర లిపులను, ఫొటోలను ఆ దారినే పంపుటకు 1992లో 'మైమ్' అను పద్ధతి వచ్చెను. దీని ప్రకారము ప్రతి మూడు బైట్లను నాలుగు ఇంగ్లీషు గుర్తులుగా మార్చి పంపుదురు. చేరినచోట యంత్రమే వాటిని తిరిగి పూర్వరూపమునకు తెచ్చును.

ఉదాహరణకు 'వరి' అను మాటలో వ, ర, గుడి అని మూడు గుర్తులు కలవు. యూనికోడు యు.టి.ఎఫ్-8 పద్ధతిలో గుర్తుకు 3 చొప్పున 9 బైట్లు. మార్చిన పిదప 12 గుర్తులగును. నేడు అనేక సర్వర్లు తెలుగును మార్పు లేకుండగనే మోయగలవు. ఫొటోలను మాత్రము సాధారణముగా ఇట్లే మార్చి పంపుదురు. కనుక 6 మెగాబైట్ల ఫొటో దారిలో 8 మెగాబైట్లకు మించును. అట్టివి నాలుగు కలిపినచో 24 కావలసినది 32 దాటును. 25 మెగాబైట్ల పరిమితి గల సర్వరు ఆ ఉత్తరమును త్రోసివేయును.

చెరుగుట

చేరవేయుటకు ముందు సర్వరు, ఉత్తరము పంపినవారి చిరునామా నిజమైనదా, జతపరచిన ఫైలులో వైరస్ కలదా, వ్రాత మోసపు ఉత్తరములను పోలియున్నదా అని పరీక్షించును. అనుమానము కలిగినచో 'స్పామ్' పెట్టెలో వేయును. ఎంత జాగ్రత్తగా తూర్పారబట్టినను తాలుతో కొన్ని గట్టి గింజలును పోవును. అట్లే మంచి ఉత్తరములును స్పామ్ పాలగుట కలదు. జీమెయిలులో స్పామ్ ఉత్తరములు 30 రోజుల తరువాత వాటంతటవే తొలగిపోవును.

పాటింపవలసినవి

1. సమాధానము కొరకు ఎదురుచూచు రోజులలో స్పామ్ పెట్టెను దినమున కొకసారి చూడవలెను. మంచి ఉత్తరము కనబడినచో 'స్పామ్ కాదు' అని గుర్తించవలెను.

2. పెద్ద ఫొటోలను ఒక్కొక్క ఉత్తరమునకు రెండు చొప్పున పంపవలెను. కొన్ని ఫోనులు పంపునపుడు ఫొటోను కుదించును. అందుచే ఆకుమచ్చల అంచులు స్పష్టముగా కనబడవు. కుదించవలెనా అని అడిగినచో అసలు పరిమాణమునే ఎంచుకొనవలెను.

3. తెలుగును యూనికోడులోనే వ్రాయవలెను. పాత అచ్చు ఫాంట్లలో వ్రాసినది, ఆ ఫాంటు లేనిచోట అర్థము లేని గుర్తులుగా కనబడును. అట్టి పత్రమును ఫాంటుతో కూడిన పి.డి.ఎఫ్.గా మార్చి పంపవలెను.

4. 'మెయిలర్ డెమన్' పేర ఉత్తరము వచ్చినచో త్రోసివేయరాదు. మీ ఉత్తరము చేరలేదనియు, అందుకు కారణమును తెలుపునది సాధారణముగా అదియే.

5. సర్వరు పరీక్షలో నెగ్గిన ప్రతి ఉత్తరమును నమ్మరాదు. ఓ.టి.పి.ని గాని, బ్యాంకు రహస్య సంఖ్యను గాని కోరినచో ఎన్నడును ఇవ్వరాదు.

తెగులు విషయమున కాలమే ముఖ్యము. ఉత్తరము పంపిన మరునాటికి జవాబు రానిచో కేంద్రమునకు ఫోను చేసి, ఉత్తరము చేరినదో లేదో అడిగి తెలిసికొనుట మేలు.