మిగిలిన పిండాలు ఎవరి బాధ్యత?

పిండ మూలకణాల పరిశోధనపై క్రైస్తవ సంఘాల అభ్యంతరం ప్రయోగశాల గుమ్మం దగ్గర మొదలవుతోంది. అది మొదలవ్వాల్సింది సంతాన సాఫల్య కేంద్రంలో.

1998 నవంబరు 6న ‘సైన్స్’ పత్రికలో మూడు పేజీల వ్యాసం వచ్చింది. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ థామ్సన్ బృందం మానవ పిండాల నుంచి మూలకణాలు తీసి, వాటిని ప్రయోగశాలలో ఎడతెగకుండా పెంచగలిగింది. అయిదారు రోజుల పిండమంటే మిల్లీమీటరులో అయిదో వంతు కూడా ఉండని బుడగ. దాని లోపల ఒక పక్కకు అంటుకుని చిన్న కణాల ముద్ద ఉంటుంది. శరీరంలోని ప్రతి అవయవమూ అందులోంచే రావాలి. ఆ ముద్దను వేరుచేస్తే కణాలు బతుకుతాయి, పిండం బతకదు. థామ్సన్ బృందం 14 పిండాల నుంచి ముద్దను వేరుచేస్తే అయిదు సెల్ లైన్లు, అంటే ఎడతెగకుండా పెరిగే కణ పరంపరలు, నిలిచాయి. చర్చిల్లో, చట్టసభల్లో పాతికేళ్లుగా సాగుతున్న వాదమంతా ఈ ఒక్క చర్య చుట్టూనే తిరుగుతోంది. అదే వ్యాసంలో ఉన్న ఇంకో వివరాన్ని మాత్రం చాలామంది దాటేసి వెళ్లిపోయారు. ఆ పిండాలు పరిశోధన కోసం తయారైనవి కావు. పిల్లల కోసం ఐవీఎఫ్ చేయించుకున్న దంపతులు, తెలిసే ఒప్పుకుని ఇచ్చినవి.

ఈ సంచికకు సంపాదకులు ఇచ్చిన ప్రశ్న సూటిగానే ఉంది: పిండ మూలకణాల పరిశోధన క్రైస్తవ నీతికి సమ్మతమా, కాదా? పత్రాలు చదివేకొద్దీ ఆ ప్రశ్నకు ముందే అడగాల్సింది ఒకటుందని తేలింది. అన్నిటికన్నా గట్టిగా పట్టి నిలిపింది వాటికన్ వెలువరించిన ‘డిగ్నిటాస్ పర్సోనే’. 2008 సెప్టెంబరు 8 తేదీతో తయారై, డిసెంబరు 12న విడుదలైన పత్రమిది. మూలకణాల గురించి అందులో ఉన్నది ఊహించగలిగిందే. బతికున్న పిండాన్ని చంపి కణాలు తీయడం ఎంత గొప్ప వైద్యం కోసమైనా తప్పు. పెద్దల శరీరం నుంచో, బొడ్డుతాడు రక్తం నుంచో తీసుకుంటే అభ్యంతరం లేదు. చదివేవారిని ఆపేది 19వ పేరా. ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల దగ్గర ఏళ్ల తరబడి ఉండిపోయిన పిండాలను ఏం చేయాలన్నది దాని విషయం. పరిశోధనకు ఇవ్వవచ్చా? కూడదు, అది మనిషిని ముడిసరుకు చేయడమే. కరిగించి, మృతదేహాల్లా వాడుకోవచ్చా? అదీ కూడదు. పిల్లలు లేని దంపతులకు చికిత్సగా ఇస్తే? ఒప్పుకోదు. పుట్టుకనిచ్చే ఉద్దేశంతోనే వాటిని దత్తత తీసుకుంటే? ఉద్దేశం మెచ్చుకోదగిందే గానీ, ఆ దారిలోనూ చిక్కులున్నాయంటుంది. ఒక్కొక్క తలుపూ మూసుకుంటూ వచ్చి, ఇది నిజానికి పరిష్కారం లేని అన్యాయమని ఒప్పుకుంటుంది. అందుకే పిండాల ఉత్పత్తినే ఆపమని 1996లో రెండో జాన్ పాల్ పోపు శాస్త్రవేత్తలకు చేసిన విజ్ఞప్తిని మళ్లీ గుర్తుచేస్తుంది.

తన దగ్గర జవాబు లేదని చెప్పే మతపత్రాలు అరుదు. ఈ పేరా మీద ఈ రచయితకున్న గౌరవం దాచుకోవాల్సింది కాదు. ఐవీఎఫ్‌ను మొత్తంగా తిరస్కరించే కథోలిక బోధనతో ఏకీభవించనివారు కూడా ఇందులోని తర్కాన్ని కాదనలేరు. అన్యాయం సూక్ష్మదర్శిని కింద మొదలవలేదు. ఎన్ని అవసరమో చూసుకోకుండా ఫలదీకరించిన రోజునే మొదలైంది.

అమెరికా అనుభవం దీన్నే చూపిస్తుంది. 2001 ఆగస్టు 9న అధ్యక్షుడు జార్జ్ బుష్ టీవీలో మాట్లాడుతూ, అప్పటికే తయారై ఉన్న సెల్ లైన్లపై పరిశోధనకే కేంద్ర నిధులు ఇస్తామన్నారు. ఎవాంజెలికల్ సంఘాల్లో చాలామందికి అది ఊరట. 2006 జులై 19న నిధులు పెంచే బిల్లును వీటో చేసినప్పుడు, ఘనీభవించిన పిండాలను దత్తత తీసుకోగా పుట్టిన పిల్లలు ఆయన చుట్టూ ఉన్నారు. రెండేళ్లకు వాటికన్ సందేహం వెలిబుచ్చింది సరిగ్గా ఆ దత్తత మీదే. ఈ గొడవలో మరుగున పడిపోయిన లెక్క ఒకటుంది. 2003లో ప్రచురితమైన ర్యాండ్ పరిశోధన సంస్థ సర్వే ప్రకారం, 2002 ఏప్రిల్ నాటికి అమెరికాలో దాదాపు 4 లక్షల పిండాలు నిల్వ ఉన్నాయి. 88 శాతం ఆయా దంపతులు మళ్లీ వాడుకోవడానికి ఉంచినవే. పరిశోధనకు కేటాయించింది 2.8 శాతం, అంటే 11 వేల చిల్లర. దేశమంతా పోట్లాడుకున్నది ఆ 2.8 గురించి. 4 లక్షలు ఎలా పేరుకున్నాయని పీఠం మీది నుంచి అడిగినవారు తక్కువ.

పిండం ఎప్పటి నుంచి మనిషి అన్న వాదం చరిత్రను వేగంగా చెప్పుకుంటే: నిర్గమకాండం 21లో గర్భిణికి దెబ్బ తగిలే సందర్భాన్ని గ్రీకులోకి తెచ్చినవారు రూపం వచ్చిన పిండానికీ రానిదానికీ తేడా పెట్టారు, అగస్టీన్ ఆ తేడాను పాటించాడు, నాలుగో శతాబ్దంలోనే బాసిల్ దాన్ని తోసిపుచ్చాడు, అక్వినాస్ అరిస్టాటిల్‌ను అనుసరించి ఆత్మ కొన్ని వారాల తర్వాత వస్తుందన్నాడు, 1869లో తొమ్మిదో పయస్ పోపు గర్భస్రావానికి వేసే శిక్షల విషయంలో ఆ తేడాను తీసేశాడు, 1974లో వాటికన్ ఆత్మ ఎప్పుడొస్తుందన్న ప్రశ్నను తేల్చకుండానే, అనుమానమున్నా ప్రాణం తీయకూడదంది, 1984లో బ్రిటన్‌లో వార్నాక్ కమిటీ పిండాలపై పరిశోధనకు 14 రోజుల గీత గీసింది.

ఆ 14 రోజుల గీత వెనక బలమైన ప్రశ్నే ఉంది. అప్పటిదాకా పిండం రెండుగా చీలి కవలలు కావచ్చు. ఇద్దరు కాగలిగినదాన్ని ఒక వ్యక్తి అనడం ఎలా? ఆక్స్‌ఫర్డ్ బిషప్ రిచర్డ్ హ్యారీస్ అధ్యక్షతన బ్రిటన్ ప్రభువుల సభ కమిటీ 2002లో పరిశోధనను సమర్థించింది. అమెరికా ప్రెస్బిటేరియన్ సంఘం 2001 మహాసభ కూడా, నీతి నియమాలకు లోబడితే మూలకణ పరిశోధనకు ఒప్పుకుంది. రోగిని బాగుచేయడం సువార్త పనేనన్నది ఇలాంటి సమర్థకుల మాట. అందులో నిజముంది. పార్కిన్సన్స్‌తో వణికే చెయ్యి కూడా క్రీస్తు తాకదగిన చెయ్యే. కానీ కవలల వాదం నెగ్గినా, ఓడినా అసలు ప్రశ్న అలాగే ఉంటుంది. అయిదో రోజు పిండానికి గౌరవం దక్కాలంటే ప్రయోగశాలలో ఎంత దక్కాలో నత్రజని ట్యాంకులోనూ అంతే దక్కాలి. అక్కడ అక్కర్లేదంటే ఇక్కడ అభ్యంతరం నిలబడదు. పూర్తి మనిషి కాకపోయినా ప్రత్యేక గౌరవం ఇవ్వాలనే మధ్యేమార్గం వారు కూడా, లెక్కాపత్రం లేకుండా పిండాలను తయారుచేయడంలో ఆ గౌరవం ఎక్కడుందో చెప్పాలి.

ఉద్దేశం వేరు కదా అనేవారున్నారు. పరిశోధకుడు పిండాన్ని పాడుచేయడానికే పూనుకుంటాడు, దంపతులు కోరేది బిడ్డను. మిగిలిపోవడం అనుకోకుండా జరిగేది. ఈ అభ్యంతరం తేలిగ్గా కొట్టిపారేయదగ్గది కాదు. ఉద్దేశాన్ని చూడని నీతి క్రైస్తవ నీతి కాదు. అయితే పది అండాలను ఫలదీకరించి, ఒకటో రెండో గర్భంలో పెట్టి, మిగతావాటిని నిల్వచేయాలని ముందే అనుకున్నప్పుడు మిగలడం ప్రమాదం కాదు, పథకంలో భాగం. ఎలాగూ చచ్చిపోయేవే కదా అన్న మాట కూడా ఇక్కడే బలం కోల్పోతుంది. ఆ ‘ఎలాగూ’ను సృష్టించింది మనమే.

ఈ చిక్కును మొదట్లోనే పట్టుకున్న దేశాలున్నాయి. 1990లో జర్మనీ చేసిన పిండ రక్షణ చట్టం, ఒక విడతలో గర్భంలో పెట్టదలచినదానికి మించి అండాలను ఫలదీకరించకూడదంది. ఆ తర్వాత 2002లో, విదేశాల్లో అప్పటికే తయారైన సెల్ లైన్లను కఠిన షరతులతో దిగుమతి చేసుకోనిచ్చింది. అందులో రాజీ ఉంది, నిజమే. కానీ ముందు మూలం దగ్గర పని జరిగింది. ఇటలీ 2004లో ఇంకా ముందుకెళ్లి, మూడుకు మించి పిండాలు కూడదు, అన్నిటినీ ఒకేసారి గర్భంలో పెట్టాలి అంది. భారం ఆడవాళ్ల మీద పడింది: ఒకే కాన్పులో ముగ్గురు పిల్లల ముప్పు, విఫలమైతే మళ్లీ మొదటి నుంచి హార్మోను ఇంజెక్షన్లు. 2009లో ఇటలీ రాజ్యాంగ న్యాయస్థానం తల్లి ఆరోగ్యాన్ని ఎత్తిచూపి ఆ నిబంధనను కొట్టేసింది. తీర్పు న్యాయమైంది. పిండం మీది గౌరవం పేరుతో తల్లి ఒంటిని లెక్కచేయకపోవడం కూడా పాపమే. అండాలను ఫలదీకరించకుండానే ఫ్రీజ్ చేసి దాచే పద్ధతి ఇప్పుడు మెరుగైంది కాబట్టి, ఐవీఎఫ్‌ను అంగీకరించే ప్రొటెస్టెంట్ సంఘాలకైనా ఈ రెండింటి మధ్య ఒక దారి దొరికింది. వాటికన్ దీన్నీ ఒప్పుకోదు.

దాటేసిన ప్రశ్న చివరికి కోర్టుకెక్కింది. 2020 డిసెంబరులో అమెరికాలోని అలబామాలో ఒక ఆసుపత్రి రోగి, సరైన కాపలా లేని తలుపు గుండా పిండాలు నిల్వచేసే గదిలోకి వెళ్లి, వాటిని చేత్తో తీసి, ఆ చలికి చెయ్యి కాలి, నేల మీద జారవిడిచాడు. ఆ నష్టం బిడ్డ మరణం కిందికే వస్తుందని 2024 ఫిబ్రవరి 16న రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. భయపడిన ఐవీఎఫ్ కేంద్రాలు కొన్ని పని ఆపేశాయి. మూడు వారాలు తిరక్కముందే, పిండాలను గర్భస్థ శిశువులుగా కాపాడాలని ఏళ్లుగా చెప్పిన రాష్ట్రమే ఆ కేంద్రాలకు చట్టరక్షణ కల్పించింది. పిండ మూలకణ పరిశోధనను 1999లోనే ఖండించిన సదరన్ బాప్టిస్టు మహాసభ, ఐవీఎఫ్ పద్ధతుల్లోని నైతిక సమస్యల మీద తీర్మానం చేసింది 2024 జూన్‌లో. మధ్యలో గడిచింది పాతికేళ్లు. అన్నేళ్ల మౌనానికి కారణం పట్టుకోవడం కష్టం కాదు. పరిశోధకుడు సంఘంలో కనిపించడు. ఐవీఎఫ్ చేయించుకున్న దంపతులు ప్రతి ఆదివారం రెండో వరసలో కూర్చుంటారు.

పిండం అక్కర్లేని దారి

క్యోటోలో శాస్త్రవేత్త షిన్యా యమనక 2006లో ఎలుకల, 2007లో మనుషుల మామూలు కణాలను మూలకణ స్థితికి వెనక్కి మళ్లించారు. 2012లో నోబెల్ వచ్చింది. వివాదం ముగిసిందని అనేకమంది క్రైస్తవ వ్యాఖ్యాతలు సంతోషించారు. ముగియలేదు, పిండ మూలకణాల దారీ కొనసాగింది. 2025 ఏప్రిల్‌లో ‘నేచర్’ పత్రిక పార్కిన్సన్స్ రోగులపై జరిగిన రెండు తొలి దశ పరీక్షలను ఒకేసారి ప్రచురించింది. జపాన్‌లో ఏడుగురికి యమనక పద్ధతి కణాలు, ఉత్తర అమెరికాలో 12 మందికి పిండ మూలకణాల నుంచి పెంచిన కణాలు ఇచ్చారు. రెండూ భద్రత విషయంలో ఆశ కలిగించాయి.

పదేళ్ల గడువు

మిగిలిన పిండాల ప్రశ్న దూరదేశాల గొడవ కాదు. మన దేశంలో 2021 నాటి ఏఆర్‌టీ (సహాయక పునరుత్పత్తి సాంకేతికత) చట్టం ప్రకారం పిండాలను పదేళ్లకు మించి ఉంచకూడదు. గడువు తీరాక వాటిని నశించనివ్వాలి, లేదా దంపతుల అనుమతితో నమోదైన పరిశోధన సంస్థకు ఇవ్వాలి. హైదరాబాద్, విజయవాడ, గుంటూరు సంతాన సాఫల్య కేంద్రాలకు వెళ్లే జంటల్లో విశ్వాసులూ ఉంటారు. బిడ్డ కోసం హన్నా చేసిన ప్రార్థనను గుర్తుచేస్తూ వారి కోసం సంఘమంతా మోకరిస్తుంది. ఆ ప్రార్థన విలువైంది, దాని పక్కన సలహా కూడా ఉండాలి. పిండాలు ట్యాంకులోకి చేరాక బోధించడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. ఎన్ని అండాలను ఫలదీకరిస్తారు, మిగతావాటిని అండాలుగానే దాచవచ్చా, పదేళ్ల తర్వాత ఏం చేయమని రాసివ్వాలి అని డాక్టరును అడగమని, మొదటి ఇంజెక్షనుకు ముందే ఆ జంటకు పాస్టరు చెప్పగలగాలి.