పాత పికప్‌కు ఎఫ్‌సీ దగ్గరపడిందా? ముందు డీజిల్‌ లైన్‌ చూసుకోండి

జువ్వలదిన్నె నుంచి చేపల లోడుతో బయల్దేరిన పికప్‌ హైవే ఎక్కకముందే ఆగిపోతే, నష్టం మెకానిక్‌ బిల్లుతో పోదు. పెట్టెల్లో ఐస్‌ కరిగేకొద్దీ సరకు ధర పడిపోతుంది. నెల్లూరు జిల్లా బోగోలు మండలం లాంటి తీర ప్రాంతాల్లో పాత డీజిల్‌ బండి నడిపేవారు తెలుసుకోవాల్సిన విషయాలివి.

ట్యాంకులోకి నీరెలా వస్తుంది?

ట్యాంకు సగం ఖాళీగా ఉంటే మిగతా చోటంతా గాలే. రాత్రి చల్లబడితే అందులోని తేమ నీటి బొట్లుగా మారుతుంది. డీజిల్‌ కంటే బరువు కాబట్టి అడుక్కు చేరుతుంది. ఇనుప ట్యాంకుకు తుప్పు పడుతుంది. ఆ నీరు, తుప్పు ఫిల్టర్‌ దాటితే ఫ్యూయల్‌ పంపు, ఇంజెక్టర్లు దెబ్బతింటాయి.

ఏం చేయాలి?

• రాత్రి బండి నిలిపే ముందే డీజిల్‌ కొట్టించండి.
• ఇంజిన్‌ ఆపి, ఫిల్టర్‌ కింది డ్రెయిన్‌ స్క్రూ వదులు చేసి నీటిని సీసాలోకి వదలండి. శుభ్రమైన డీజిల్‌ రాగానే బిగించండి.
• మాన్యువల్‌లో చెప్పిన కిలోమీటర్లకు ఫిల్టర్‌ మార్చండి. తర్వాత చేతిపంపు కొట్టి లైన్‌లో గాలి తీసేయాలి.
• ట్యాంకు మూత వాషర్‌, రబ్బరు పైపుల్లో పగుళ్లు చూడండి.
• కామన్‌ రైల్‌ ఇంజిన్‌ అయితే ఇంజెక్టర్ల పైపులు మీరు విప్పొద్దు. వాటిలో ఒత్తిడి చాలా ఎక్కువ, ప్రమాదం.

బంకులో ఏం అడగొచ్చు?

అనుమానముంటే 5 లీటర్ల కొలపాత్రతో పోయించి చూపమనండి. 25 మిల్లీలీటర్లకు మించి తగ్గకూడదు. సాంద్రత పరీక్ష కూడా అడగొచ్చు. బంకు రికార్డులోని అంకెకు, పరీక్షలో వచ్చినదానికి తేడా 3 యూనిట్లు దాటితే డీజిల్‌పై అనుమానపడాల్సిందే. బిల్లు దాచుకోండి. కొలతలో మోసమైతే తూనికలు, కొలతల శాఖకు చెప్పండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌ 1915.

ఎఫ్‌సీ మాటేమిటి?

రవాణా వాహనానికి 8 ఏళ్లు దాటితే ఏటా ఫిట్‌నెస్‌ తప్పనిసరి. బీఎస్‌-4 కంటే పాత బండ్లకు పొల్యూషన్‌ సర్టిఫికెట్‌ 6 నెలలే చెల్లుతుంది. నల్లపొగ వస్తోందంటే ఇంజెక్టర్లో, ఎయిర్‌ ఫిల్టరో చూపించుకోవాలని అర్థం. పరీక్షకు వెళ్లాక కాదు, వారం ముందే చూపించండి.