కిలిమంజారో యాత్ర - రోజుల లెక్క

బిలాస్‌పూర్ రైల్వే కాలనీ నుండి కిలిమంజారోకు సిద్ధపడుతున్నారా? మీ ఊరు సముద్రమట్టానికి 300 మీటర్లలోపే ఉంది. టాంజానియాలోని ఆ శిఖరం ఎత్తు 5,895 మీటర్లు. అక్కడ ప్రతి శ్వాసకూ అందే ఆక్సిజన్ సుమారు సగమే. అమర్‌కంటక్ కొండల్లో నడక సాధన కాళ్లకు మంచిదే గాని, దాదాపు 1,000 మీటర్ల ఆ ఎత్తు శరీరానికి పలుచని గాలిని అలవాటు చేయదు.

గైడు లేనిదే కొండ ఎక్కనివ్వరు. మరి ఎన్ని రోజులు? అది మీరే నిర్ణయించుకోవాలి. మరంగు మార్గాన్ని చూడండి. మండారా బస 2,720, హొరొంబో 3,720, కిబో 4,720 మీటర్లు. అంటే రోజుకు 1,000 మీటర్లు! 3,000 దాటాక నిద్రించే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచరాదంటారు వైద్యులు. కనుక 5 రోజుల ప్యాకేజీ చౌకైనా వద్దు. హొరొంబోలో అదనంగా ఒక రోజు ఆగండి. తలనొప్పి, వాంతులు వస్తే గైడు వద్ద దాచకండి. నడక తడబడితే, రాత్రయినా సరే, వెంటనే కిందికి దిగాలి.