కరకరలాడు పండుగ వంటలు

పండుగ దినములు సమీపించినపుడు మన పల్లెవీథులలో నడచువానికి ఏ యింట ఏమి వండుచున్నారో అడుగకయే తెలియును. కాగుచున్న వేరుసెనగ నూనె వాసన, వేగుచున్న వాము, నువ్వుల పరిమళము, బాణలిలో నుండి వెలువడు సుయ్యిమను చప్పుడు ఆ సంగతిని ఊరివారి కెల్ల చాటును. 2022 వరకు చిత్తూరు జిల్లాలో నుండి, ఆ సంవత్సరమున అన్నమయ్య జిల్లాలో చేరిన పెద్దమండ్యం ప్రాంతమునందు పండుగలకు, పెండ్లిండ్లకు మురుకులు, నిప్పట్లు చేసికొందురు. తీపి వంటకు పాకము ప్రాణమైనచో, ఈ కారపు వంటలకు కరకర ప్రాణము. అది లేనిచో ఎంత రుచిగల పిండియైనను వ్యర్థమే. ఆ కరకర ఎట్లు వచ్చును? ఒకరి చేతిలో గుల్లవిచ్చు వంట మరియొకరి చేతిలో రాయియగుటకు కారణ మేమి?

ముందుగా పిండి సంగతి తెలిసికొందము. బియ్యమును నానబెట్టి, నీరు వార్చి, నీడను ఆరబెట్టి, విసరి, జల్లెడ పట్టిన పిండి శ్రేష్ఠము. మురుకులకు నాలుగు పాళ్ల బియ్యపు పిండికి, దోరగా వేయించి విసరిన మినప పిండి ఒక పాలు చాలును. ఉప్పు, కారము, వాము, నువ్వులు తగినంత చేర్చి, బాగుగా కాగిన నూనె కొంచెము పోసి, గరిటెతో కలిపి, వేడి తగ్గిన పిదప చేతితో రుద్దవలెను. అటుపిమ్మట నీరు చిలుకరించుచు ముద్ద చేసి, మురుకుల గొట్టములో నుంచి ఒత్తుదురు. నిప్పట్లకైనచో పుట్నాల పిండి, కచ్చాపచ్చాగా దంచిన వేరుసెనగ పప్పు, తుంచిన కరివేపాకు చేర్చి, ఉండలు చేసి, నూనె రాచిన ఆకుమీద పలుచగా తట్టుదురు.

పిండిలో కాగిన నూనె పోయుట రుచికొరకు మాత్రమే కాదు. నూనె పిండిరేణువులను కప్పి, అవి ఒకదానితో నొకటి గట్టిగా అతుకుకొనకుండ అడ్డుపడును. అందువలన వేగిన వంట పెళుసై, పంటికింద సులభముగా విరుగును. నూనె చాలనిచో వంట రాయివలె నగును. మిక్కిలియైనచో బాణలిలోనే విడిపోవును. రుద్దిన పిండిని పిడికిట పట్టి నొక్కినపుడు ముద్దగా నిలిచి, వ్రేలితో తట్టినంతనే పొడియైనచో పాలు సరిపోయినదని పెద్దలు గుర్తింతురు.

ఈ విద్య మన ప్రాంతమునకే పరిమితము కాదు. దేశమునకు పశ్చిమమున నున్న గుజరాతు రాష్ట్రము ఇట్టి వంటలకు మిక్కిలి పేరు పొందినది. అచ్చట వీనిని ఫర్సాణ్ అందురు. దసరానాడు శనగపిండితో చేసిన ఫాఫ్డాను జిలేబీతో కలిపి తినుట వారి వేడుక. దీపావళికి మఠియా, చోరాఫళీ, చక్రి అనువానిని చేయుదురు. చక్రి మన మురుకునకు తోబుట్టువు. పిండిలో కలుపు నూనెకు, నేతికి వారు మోణ్ అని ప్రత్యేకముగా పేరే పెట్టిరి.

చక్రిని వారు గోధుమపిండితో గూడ చేయుదురు. ఇచ్చట ఒక చిక్కు కలదు. గోధుమపిండి నీటితో కలసినపుడు అందలి మాంసకృత్తులు జిగురువలె సాగును. సాగు పిండి కరకరలాడదు. అందుచే వారు పొడిపిండిని గుడ్డలో మూటగట్టి, ఆవిరిపై నుడికించి, చల్లారిన పిదప చిదిపి జల్లించి వాడుదురు. ఆవిరివేడికి ఆ సాగుగుణము నశించును. బియ్యపు పిండికి అట్టి జిగురు లేదు. అందుచేతనే మనము మినప పిండి చేర్చుదుము. వారు జిగురు తగ్గించుకొందురు, మనము చేర్చుకొందుము. త్రోవలు వేరైనను చేరు ఊరు ఒకటియే.

మరియొక పోలికయు కలదు. గుజరాతులోని సౌరాష్ట్రమును, మన రాయలసీమయు వేరుసెనగ పండించు మెట్టసీమలే. ఆ వేరుసెనగ పుట్టినిల్లు దక్షిణ అమెరికా. మిరపయు అమెరికా ఖండమునుండి వచ్చినదే. 1498లో వాస్కోడగామా కోళిక్కోడు ప్రాంతమునకు చేరిన పిమ్మట, పోర్చుగీసువారి ద్వారా మిరప మన దేశమునకు వచ్చినది. అంతకు పూర్వము మన వంటలకు కారము నిచ్చినవి మిరియములు.

ఇక వేపుట. నీరు 100 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మరిగి ఆవిరియగును. వేపునపుడు నూనె సుమారు 170 మొదలు 180 డిగ్రీల వరకు కాగియుండవలెను. చిటికెడు పిండిముద్దను వేసి చూచినచో అది తెలియును. ముద్ద అడుగుననే యుండిపోయినచో నూనె చాలినంత కాగలేదు. వేసినంతనే నల్లబడినచో మితిమీరి కాగినది. అడుగునకు పోయి, బుడగలతో మెల్లగా పైకి తేలినచో తరుణము వచ్చినది. చల్లని నూనెలో వేసిన వంట నూనెను పీల్చును. మిక్కిలి కాగిన నూనెలో వేసినది పైన మాడి, లోపల తేమతో నుండి, మరునాటికి మెత్తబడును.

బాణలిలోని చప్పుడు పిండిలోని నీరు ఆవిరియై పోవుచున్నపుడు కలుగు శబ్దము. నీరు పోయినచోట సన్నని రంధ్రములు మిగులును. ఆ గుల్లదనమే కరకర. నిప్పటికి అక్కడక్కడ పొడుచుటయు ఆవిరికి దారి యిచ్చుట కొరకే. దారి లేనిచో అది పూరీవలె పొంగి మెత్తబడును. "ఇంకను చప్పుడగుచున్నది గదా, అమ్మీ! కొంచెము తాళుము" అని అవ్వ మనుమరాలితో అనుటలో గొప్ప శాస్త్రము కలదు. బుడగలు తగ్గి, చప్పుడు అణగినపుడు వంట తీయవలెను. అప్పుడు వచ్చు బంగారు వన్నెకు కారణమైన రసాయనచర్యను 1912లో ఫ్రాన్సుదేశపు శాస్త్రజ్ఞుడు లూయీ కమీల్ మయ్యార్ వివరించెను. చల్లారకముందే డబ్బాలో మూతవేసినచో ఆవిరి మరల నీరై, పడిన శ్రమయంతయు వ్యర్థమగును.

ఈ పనిలో ఏమరుపాటు తగదు. ఉండలు కట్టిన పిండిలో చిక్కుకొనిన తేమ ఒక్కసారిగా ఆవిరియైనచో వంట పేలి, కాగిన నూనె ముఖముపై చిందును. పిండిని జల్లించుట ఇందులకును అవసరము. నూనె అంటుకొనినచో దానిపై నీరు పోయరాదు. నీరు తటాలున ఆవిరియై, మండుచున్న నూనెను నలుదిక్కుల విరజిమ్మును. పొయ్యి ఆర్పి, బాణలిపై మూతవేయవలెను. గాలి అందక మంట ఆరిపోవును. పిల్లలు పొయ్యికి దూరముగా నుండుట మేలు.

నూనె విలువైన వస్తువు. వానను నమ్ముకొనిన మెట్టరైతునకు వాన తప్పినచో కాయ తగ్గును, గానుగకు పోవు గింజ తగ్గును. ఆ కష్టము నెరిగిన ఇల్లాలికి మిగిలిన నూనెను పారవేయ మనసొప్పదు. అయినను పదేపదే కాచిన నూనె చెడును. అందలి చెడు పదార్థములు ఆరోగ్యమునకు హానిచేయును. అట్టి ధ్రువ పదార్థములు 25 శాతమునకు మించిన నూనెను వంటకు వాడరాదని మన దేశములో 2018 జూలై 1 నుండి నియమము అమలులోనికి వచ్చినది. నల్లబడి, చిక్కబడి, నురుగు కట్టు నూనెను విడిచిపెట్టుటయే మంచిది. మొదటనే కొలది నూనె పోసి, కొన్ని కొన్నిగా వేపుకొనినచో మిగులుటకు తావుండదు.

పండుగనాడు మనము ఒక్క నిమిషములో నమలివేయు నిప్పటి వెనుక రైతు చెమట కలదు. పొయ్యివేడిని గంటల తరబడి సహించిన తల్లి ఓర్పు కలదు. కావున మరుసటి పండుగకు పిండి జల్లించుట, ఉండలు చేయుట, చల్లారిన వంటను డబ్బాల కెత్తుట మొదలగు పనులలో బాలురును బాలికలును చేయి కలుపవలెను. వంట ఎప్పుడు వేగినదో చెవితో తెలిసికొను ఆ నేర్పు, పెద్దల ప్రక్కన నిలిచి పని చేసినవారికే అబ్బును.