ఆకాశం నుంచి చెరువు లెక్క

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఒకటుంది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఆ చెరువు కట్టించాడు. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్లు పట్టిందని రాతి మీద చెక్కించాడు. అంతటితో ఊరుకోలేదు. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు కూడా రాయించాడు. కట్ట నుంచి నీరు ఊరడం, చవిటి నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం, మధ్యలో మెరక... ఇలా సాగే ఆ దోషాల్లో ఒకటి రాయలసీమ రైతుకు తరతరాలుగా తెలిసిందే: నీళ్లు కొంచెం, తడపాల్సిన పొలం కొండంత.

ఆ దోషం ఈ ఏడు ఏ చెరువుకు తగిలిందో తేల్చాలంటే అందులో నీరెంతుందో తెలియాలి. శ్రీశైలం, సాగర్ మట్టాలు రోజూ పేపర్లో వస్తాయి. వంద ఎకరాల ఊరి చెరువు మట్టం ఏ పేపర్లోనూ రాదు. తూము దగ్గర మెట్లు ఎన్ని మునిగాయో చూసి, కారు పంటకు ఎన్ని తడులు వస్తాయో చెప్పగలిగిన నీరుగంటి వ్యవస్థ చాలా ఊళ్లలో చెదిరిపోయింది. నీరుగంటి నోటి లెక్కకు బదులుగా మరో లెక్క ఏదీ ఊళ్లోకి రాలేదు.

కరవు నేలలో ఇది చిన్న లోటు కాదు. అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సగటున పడే వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అక్కడి ఎండ ఆవిరి చేయగల నీరు దానికి మూడింతల దాకా ఉంటుంది. పైగా మన చెరువులు పళ్లెంలో పోసిన నీళ్ల లాంటివి, పరపు ఎక్కువ, లోతు తక్కువ. అక్టోబరులో మరువ పారిన చెరువు మార్చి దాటేసరికి నెర్రెలిచ్చి కనిపించడం సీమలో కొత్త కాదు. జనవరిలో నాటు వేయాలా, వేరుశనగతో సరిపెట్టుకోవాలా అన్న నిర్ణయం ఆ కొద్ది వారాల నీటి మీదే నడుస్తుంది.

ఈ నీటిని ఆకాశం నుంచి చూడటం ఇవాళ్టి మాట కాదు. అమెరికా మొదటి ల్యాండ్‌శాట్‌ను 1972లో పంపింది. మన ఐఆర్ఎస్-1ఎ 1988లో వెళ్లింది. 2008లో ల్యాండ్‌శాట్ బొమ్మలన్నిటినీ ఉచితం చేశారు. ఈ విద్యను మలుపు తిప్పింది ఏ కొత్త కెమెరానో కాదు, ఆ నిర్ణయమేనని నా అభిప్రాయం. ఐరోపా సమాఖ్య సంయుక్త పరిశోధన కేంద్రం వాళ్లు 1984 నుంచి 2015 దాకా ఉన్న 30 లక్షల ల్యాండ్‌శాట్ బొమ్మలను కంప్యూటర్లతో చదివించి, 2016లో ప్రపంచ జలపటం బయటపెట్టారు. ఏడాది పొడవునా నీరుండే చోట్లలో దాదాపు 90 వేల చదరపు కిలోమీటర్లు ఎండిపోయాయని, ప్రపంచంలోని నికర నష్టంలో 70 శాతానికి పైగా పశ్చిమాసియా, మధ్య ఆసియాల్లోనే జరిగిందని తేలింది. అరల్ సముద్రం కథ అందులో పెద్దది. కానీ ఆ పటం పెద్ద సరస్సులతో ఆగలేదు. 30 మీటర్ల గడి, అంటే సుమారు 22 సెంట్ల నేల, దాని లెక్కలో ఒక చుక్క. ఇప్పుడు ఐరోపా సెంటినెల్-2 ఉపగ్రహాల చుక్క 10 మీటర్లే. రెండున్నర సెంట్లు. ఎకరానికి నలభై చుక్కలు పడతాయి. ఒక జంట ఉపగ్రహాలు తిరుగుతుంటే ఐదు రోజులకోసారి అదే చెరువు మళ్లీ కనిపిస్తుంది.

నీటిని గుర్తుపట్టే కిటుకు సులువైనదే. మన కంటికి అందని పరారుణ కాంతిని నీరు మింగేస్తుంది, నేలా పచ్చదనమూ వెనక్కి కొడతాయి. ఆకుపచ్చ కాంతిని పరారుణంతో పోల్చి చూస్తే నీరున్న చుక్క విడిగా తేలుతుంది. మెక్‌ఫీటర్స్ అనే శాస్త్రవేత్త 1996లో ఇచ్చిన ఈ చిన్న సూత్రమే నేటికీ సగం పని చేస్తోంది.

ఎండాకాలంలో తీసిన సీమ చెరువు బొమ్మను ఒకసారి దగ్గరగా చూడాలి. ఈ బొమ్మల్లో పచ్చదనం ఎర్రగా, తేట నీరు నల్లగా, బురద నీరు లేత నీలంగా కనిపిస్తాయి. చుట్టూ పొలాలన్నీ బూడిద రంగులో ఎండిపోయి ఉంటాయి. చెరువు గర్భం మాత్రం ఎర్రగా మెరుస్తుంటుంది. అది పంట కాదు, సర్కారు తుమ్మ. మే నెలలోనూ ఆకు రాల్చని ఆ కంప చెరువు అంచుల నుంచి లోపలికి ఏటేటా ఎంత జరిగిందో, పాతికేళ్ల బొమ్మలు వరసగా పెడితే ఎకరాల్లో చెప్పొచ్చు. ఆక్రమణ మీద వాదించుకునే వాళ్లు ముందు ఈ బొమ్మలు చూడాలి.

అయితే చెరువు నిండేది మబ్బు పట్టినప్పుడు. అప్పుడు కెమెరాకు మబ్బు తప్ప మరేమీ కనబడదు. అక్కడ రాడార్ ఆదుకుంటుంది. ఉపగ్రహం తానే తరంగాలు పంపి, తిరిగొచ్చినవి అందుకుంటుంది. నిలకడగా ఉన్న నీటి మీద పడ్డ తరంగం పక్కకు జారిపోతుంది కాబట్టి చెరువు నల్లగా కనిపిస్తుంది. గాలికి అలలు లేచినా, తుంగ, గుర్రపుడెక్క కమ్మేసినా తికమక తప్పదు. 2021 నవంబరులో తిరుపతి దగ్గర రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్లను ఖాళీ చేయించారు. అలాంటి రాత్రి ఉపగ్రహం మీద భరోసా పెట్టుకోకూడదు. ఐరోపా రాడార్ ఉపగ్రహం ఒక్కోటి అదే దారిలో మళ్లీ రావడానికి పన్నెండు రోజులు పడుతుంది. కట్ట మీద లాంతరు పట్టుకుని తిరిగే మనిషికి ప్రత్యామ్నాయం లేదు. 2025 జులైలో శ్రీహరికోట నుంచి వెళ్లిన నైసార్ ఉపగ్రహం వల్ల మన నేల మీద రాడార్ చూపు పెరుగుతుంది గానీ, దాని తిరుగుడూ పన్నెండు రోజులదే.

అసలు చిక్కు లోతు. ఉపగ్రహం పరపు చూస్తుంది, అడుగు చూడదు. 2022 డిసెంబరులో అమెరికా, ఫ్రాన్స్ కలిసి పంపిన స్వాట్ ఉపగ్రహం నీటి ఉపరితలం ఎత్తును కూడా కొలుస్తుంది. కానీ 250 మీటర్ల చదరం, అంటే పదిహేను ఎకరాల కన్నా పెద్ద చెరువులనే లక్ష్యంగా పెట్టుకుంది. కుంటలు దాని లెక్కకు రావు. ఇక నీరు ఎక్కడి నుంచి వచ్చిందో ఏ ఉపగ్రహమూ చెప్పదు. హంద్రీ-నీవా కాలువతో నింపిన చెరువు, వానకు నిండిన చెరువు బొమ్మలో ఒకేలా ఉంటాయి. నిండిన చెరువుల లెక్క చూసి వానలు బాగున్నాయనుకుంటే మోసపోతాం.

హైదరాబాద్ బాలానగర్‌లోని జాతీయ దూరసంవేదన కేంద్రం, ఎన్ఆర్ఎస్‌సీ జలవనరుల పరపును ఉపగ్రహాలతో గమనిస్తూ భువన్ పోర్టల్‌లో పెడుతోంది. అది రైతు దాకా, సర్వే నంబరు పక్కన తెలుగులో రావాలి. దానికి తోడు ఊళ్లో చేయాల్సిన పని ఒకటే. తూము గోడ మీద అడుగుల గీతలు గీసి, ఉపగ్రహం పైనుంచి వెళ్లే రోజున నీటిమట్టం ఎంతో రాసిపెట్టడం. చెరువు ఎండుతూ పోయే కొద్దీ ప్రతి బొమ్మలోని నీటి అంచూ ఆ మట్టం దగ్గర చెరువు గర్భం ఆకారాన్ని గీస్తుంది. నిండుగా ఉన్నప్పటి నుంచి అడుగంటే దాకా అంచులన్నీ పేర్చుకుంటూ వస్తే, పడవ దింపకుండానే ఏ మట్టానికి ఎంత నీరు పడుతుందో పట్టిక తయారవుతుంది. కట్టినప్పటి పట్టికతో పోలిస్తే మధ్యలో చేరిన పూడిక ఎంతో తేలుతుంది. ప్రభుత్వ పథకాలైన మిషన్ కాకతీయలోనూ, నీరు-చెట్టులోనూ తీశామన్న మట్టికి ఇలాంటి పట్టిక పనికి ముందొకటి, తర్వాతొకటి ఉండి ఉంటే, ఏ చెరువులో నిజంగా ఎంత చోటు పెరిగిందో ఆయకట్టు రైతే లెక్క చూసుకుని బిల్లు మీద అధికారిని నిలదీసేవాడు.