చిన్న చేపల పడవలకు చేతి డౌన్‌రిగ్గర్ - ఎంపికలో గమనించవలసిన అంశాలు

కదులుతున్న పడవ వెనుక ఎర కట్టిన దారాన్ని లాగుతూ చేపలను పట్టే పద్ధతిని ట్రోలింగ్ అంటారు. ఈ పద్ధతిలో ఎర చేప సంచరించే లోతులో పయనించినప్పుడే ఫలితం ఉంటుంది. అయితే పడవ ముందుకు సాగేకొద్దీ నీటి నిరోధం వలన దారం పైకి లేస్తుంది. దారానికే పెద్ద సీసపు గుండు కడితే ఎర దిగుతుంది గాని, చేప చిక్కిన తరువాత ఆ బరువును కూడా దారంతో పాటు లాగవలసి వస్తుంది. ఈ చిక్కును తొలగించే సాధనమే డౌన్‌రిగ్గర్. ఇందులో బరువును వేరొక ఉక్కు తీగ మోస్తుంది. చేప తగలగానే గేలపు దారం ఆ బరువు నుండి విడిపోతుంది.

వాడుకలోకి వచ్చిన నేపథ్యం

ఈ సాధనం ఉత్తర అమెరికాలోని మహా సరస్సులలో విస్తృత ప్రచారం పొందింది. 1966లో మిచిగాన్ రాష్ట్రం పసిఫిక్ తీరానికి చెందిన కోహో సాల్మన్ పిల్లలను మిచిగాన్ సరస్సులో కలిసే నదులలో విడిచిపెట్టింది. మరుసటి సంవత్సరం చినూక్ సాల్మన్‌ను కూడా ప్రవేశపెట్టింది. ఇవి చల్లని నీటిని కోరే చేపలు. వేసవిలో సరస్సు పైపొర వేడెక్కినప్పుడు ఇవి లోతున ఉన్న చల్లని పొరకు దిగుతాయి. ఆ పొరలోనికి ఎరను కచ్చితంగా పంపవలసిన అవసరమే డౌన్‌రిగ్గర్‌కు ఆదరణ తెచ్చింది.

ఆ చేపల కోసం చిన్న పడవలు పెద్ద సంఖ్యలో సరస్సులోనికి వెళ్ళడం ప్రారంభించాయి. 1967 సెప్టెంబరు 23న ఆకస్మికంగా వీచిన తుఫాను గాలికి వాటిలో అనేకం చిక్కుకొని ఏడుగురు మరణించారు. ఈ ప్రమాదానికి కారణం డౌన్‌రిగ్గర్ కాదు. అయినా చిన్న పడవకు ఏ పరికరాన్ని అమర్చినా మొదట చూడవలసినది పడవ నిలకడయే అని ఈ ఘటన గుర్తు చేస్తుంది.

నిర్మాణం - పనితీరు

చేతి డౌన్‌రిగ్గర్‌లో తీగను చుట్టే రీలు, తిప్పే హ్యాండిల్, పడవ అంచు నుండి బయటకు చాచి ఉండే కడ్డీ, దాని చివర గిలక, బ్రేకు, లోతు సూచిక, తీగ చివర సీసపు గుండు, గేలపు దారాన్ని పట్టి ఉంచే క్లిప్ ప్రధాన భాగాలు. ఎరను పడవ వెనుకకు కొన్ని మీటర్ల దూరం వదిలి, దారాన్ని క్లిప్‌లో బిగించి, బ్రేకును సడలించి గుండును కోరిన లోతుకు దించుతారు. చేప ఎరను అందుకొని లాగినప్పుడు క్లిప్ దారాన్ని వదిలివేస్తుంది.

ఎంపికలో పరిశీలించవలసిన అంశాలు

1. గుండు బరువు: ప్రతి 3 మీటర్ల లోతుకు సుమారు 450 గ్రాముల చొప్పున బరువు ఉండాలన్నది వాడుకలో ఉన్న స్థూల సూత్రం. దీని ప్రకారం 30 మీటర్లకు 4.5 కిలోల గుండు కావాలి. సీసానికి బదులు పోత ఇనుము వాడవచ్చు. కాని ఇనుము సాంద్రత తక్కువ కనుక అదే బరువు గల గుండు పరిమాణం పెరుగుతుంది. నీటికి ఎదురుగా నిలిచే వైశాల్యం సుమారు మూడవ వంతు అధికమవుతుంది. సీసం విషపూరితం కనుక పైపూత ఉన్న గుండును ఎంచుకొని, తాకిన తరువాత చేతులు కడుగుకోవాలి.

2. హ్యాండిల్ చుట్టు: ఒక చుట్టుకు ఒక అడుగు తీగను చుట్టే రకాలు, రెండు అడుగులు చుట్టే రకాలు లభిస్తాయి. 30 మీటర్ల నుండి గుండును పైకి తీయడానికి మొదటి దానిలో సుమారు 100 చుట్లు, రెండవ దానిలో 50 చుట్లు అవసరం. అయితే చుట్లు సగమైనప్పుడు చేతిపై పడే బలం రెట్టింపవుతుంది. హ్యాండిల్ పొడవు 15 సెంటీమీటర్లు అనుకుంటే, 4.5 కిలోల గుండుకు మొదటి రకంలో సుమారు 1.3 కిలోల బలం, రెండవ రకంలో 2.6 కిలోల బలం చాలు. ఘర్షణ, నీటి నిరోధం దీనికి అదనం. రోజులో అనేకసార్లు, ఒక్క చేతితో ఊగే పడవలో ఈ పని చేయవలసి ఉంటుందని మరువరాదు. గుండు దిగేటప్పుడు హ్యాండిల్ తనంతట తాను తిరగని రకం అయితే వేళ్ళకు దెబ్బ తగలదు.

3. కడ్డీ పొడవు: చిన్న పడవకు 60 సెంటీమీటర్ల కడ్డీ సరిపోతుంది. 120 సెంటీమీటర్ల కడ్డీ తీగను పడవకు దూరంగా ఉంచుతుంది గాని, పడవ అంచుపై పడే తిప్పుడు బలాన్ని రెట్టింపు చేస్తుంది.

4. జారే బ్రేకు: అన్నిటికంటె ముఖ్యమైన అంశం ఇదే. సాధారణంగా వాడే ఉక్కు తీగ సుమారు 68 కిలోల బలానికి గాని తెగదు. నీటిలో 4.5 కిలోల సీసపు గుండు తూగేది 4.1 కిలోలు మాత్రమే. గుండు రాతిలోనో, పాత వలలోనో చిక్కి పడవ ముందుకు సాగితే, తీగ తెగేలోపు పడవ అంచుపై భారం 16 రెట్లకు పైగా పెరుగుతుంది. అంచు విరగవచ్చు, పడవ ఒరిగి నీరు లోనికి రావచ్చు. అందువలన తీగ తెగే బలం కంటె చాలా తక్కువ బలానికే బ్రేకు జారేటట్లు ఉండాలి. తీగను కత్తిరించే కటింగ్ ప్లయర్ చేతికి అందేచోట తప్పక ఉంచాలి.

5. అమరిక: ఫైబర్ పడవ అంచుకు నేరుగా మరలు బిగించరాదు. అడుగున మందపాటి చెక్క లేదా లోహపు పలక ఉంచి, ఆరపార బోల్టులతో బిగించాలి.

6. లోహాలు: ఉప్పునీటిలో ఉక్కు, అల్యూమినియం ఒకదానికొకటి తాకి ఉన్నచోట అల్యూమినియం త్వరగా తినివేయబడుతుంది. ప్రతి వేట తరువాత మంచినీటితో కడగాలి. పోగులు లేచిన తీగను మార్చాలి.

సూచిక చూపే లోతు - నిజమైన లోతు

సూచిక చూపేది వదిలిన తీగ పొడవును మాత్రమే. పడవ కదిలేటప్పుడు తీగ వెనుకకు వాలుతుంది. 30 మీటర్ల తీగ నిలువు రేఖ నుండి 10 డిగ్రీలు వాలితే గుండు 29.5 మీటర్ల లోతున, 20 డిగ్రీలకు 28.2, 30 డిగ్రీలకు 26, 40 డిగ్రీలకు 23 మీటర్ల లోతున ఉంటుంది. నీటి నిరోధం వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. అనగా వేగం రెట్టింపయితే నిరోధం నాలుగు రెట్లవుతుంది. కనుక గంటకు 3 నుండి 5 కిలోమీటర్ల నెమ్మది వేగానికే ఈ సాధనం బాగా పనిచేస్తుంది.

ఆంధ్ర తీరానికి అన్వయం

వంజరం ప్రజాతికే చెందిన కింగ్ మాకెరల్ చేపను అమెరికాలోని ఫ్లోరిడా తీరంలో డౌన్‌రిగ్గర్‌తో నెమ్మదిగా ఎర లాగుతూ పడతారు. కనుక వంజరం కోసం గేలపు వేట చేసే మన పడవలకు ఇది పరిశీలించదగినది. వేగంగా సాగుతూ ఉపరితలంలో ఎర లాగే వేటకు మాత్రం దీనివలన ప్రయోజనం ఉండదు. అలలను దాటి ఒడ్డుకు చేర్చే పడవలకు కడ్డీని ఊడదీయగల, లేదా పైకి మడవగల రకమే తగినది. తేలు వలలు వేసి ఉన్న ప్రాంతంలో దీనిని దించరాదు. గుండు వలకు చిక్కితే ఇరువురికీ నష్టం, పడవకు అపాయం.

కొనుటకు ముందు పడవ అంచు బలాన్ని, వేట లోతును, వేగాన్ని నిర్ధారించుకోవాలి. కొన్న తరువాత మొదట తక్కువ లోతులో, ప్రశాంతమైన నీటిలో బ్రేకు జారే బలాన్ని సరిచూసుకొని, ఆ తరువాతనే సముద్రంపైకి తీసుకువెళ్ళాలి. ఎక్కువ లోతుకు దించగల సాధనం కంటె, చిక్కుకున్నప్పుడు పడవను విడిచిపెట్టగల సాధనమే చిన్న పడవకు మేలైనది.